ఒక బుట్ట నాడెలు

వీధిలో మూడో బిడ్డను పూడ్చి వచ్చిన రోజు మధ్యాహ్నమే మున్వర్ షాహీదాబీ వాకిట్లోకి పోయి నిలబడ్డాడు. ఒక్కడే కాదు. వెనకాల ప్రొద్దుటూరు మగ్గాల వీధి సగం ఉంది.

ఇరవై రోజులుగా వీధిలో అదే పని. బిడ్డకు ముందు గొంతు నొప్పి, సన్న జ్వరం. రెండో రోజుకో మూడో రోజుకో గొంతులో బూడిద రంగు పొర కట్టుకుంటుంది. మెడ ఉబ్బి ఎద్దు మెడ అవుతుంది. తర్వాత గాలి ఆడదు. బిడ్డ కళ్ళు తెరిచే ఉంటాయి. అందరినీ చూస్తూ చూస్తూ పోతుంది. కంఠసర్పి, ఇంగ్లీషులో డిఫ్తీరియా అన్నారు జమ్మలమడుగు పెద్దాసుపత్రిలో. విషానికి విరుగుడు సీరం ఉంది, మొదటి రోజే వస్తే బతికిస్తాం అన్నారు. మొదటి రోజు ఎవరు పోతారు? ఉత్త గొంతు నొప్పికి మగ్గం దిగి, బస్సెక్కి జమ్మలమడుగు పోయేవాడు ఆ వీధిలో పుట్టలేదు. ముగ్గురు పిల్లలూ మూడో రోజు పోయినవాళ్ళే. ముగ్గురూ బట్టలో చుట్టుకొని తిరిగొచ్చారు.

షాహీదాబీకి అరవై దాటాయి. గొంతు పట్టిన బిడ్డను తీసుకుపోతే ఒళ్ళో పడుకోబెట్టుకుని, పెదవుల కిందే ఏదో చదివి, నోట్లోకి మూడుసార్లు ఊదేది. ముస్లిం ఇళ్ళకనే కాదు, హిందూ నేతగాళ్ళు తొగటవాళ్ళ ఇళ్ళకు కూడా ఆమె ఊపిరే మొదటి మందు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేది కాదు. చచ్చిన ముగ్గురికీ ఆమె ఊదింది. మున్వర్‌కు అంత చాలు.

"ఖాలా, బయటికి రా," అని అరిచాడు.

ఆమె చేటలో బియ్యం ఏరుతూనే తలెత్తింది. "ఏందిరా మున్వర్, మందిని తోలుకొచ్చినావు? పెండ్లా?"

"పెండ్లి కాదు. నీ ఊపిర్లో క్రిమి ఉంది. ముగ్గురిని తిన్యావు. నోరు తెరువు, ఈ అప్ప దూదిపుల్ల పెట్టి తీసుకుంటాడు."

ఈ అప్ప అంటే నాగేశ్వరయ్య. జమ్మలమడుగు ఆసుపత్రిలో ల్యాబు చూసేవాడు. మున్వర్ పోయి గొడవ చేస్తే గాజు గొట్టాలు సంచిలో వేసుకుని వచ్చాడు.

"నా నోరు అన్నం తినేకి తెరుస్తా. నీ మాటకు తెరవను," అంది షాహీదాబీ.

"నువ్వు తెరవకపోతే వీధి తెరిపిస్తాది."

ఆమె చేయి ఆగింది. జనాన్ని చూసింది. అందులో చాలామంది చిన్నప్పుడు ఆమె ఒళ్ళో పడుకున్నవాళ్ళే. ఒక్కరూ కళ్ళు కలపలేదు.

నాగేశ్వరయ్యకు ఇబ్బందిగా ఉంది. "అమ్మా, తప్పు పట్టినట్టు కాదు. నీ ఒక్కదానిదే కాదు, పదిమందివి తీస్తా," అన్నాడు.

"ముందు నాది తియ్యప్పా," అన్నాడు మున్వర్. "నేతగాళ్ళ సంఘం సెక్రెటరీని. నాది తీసినాక ఇంకెవురికీ అవమానం లేదు." నోరు బార్లా తెరిచాడు. పుల్ల కొండనాలుకకు తగిలి డోకు వచ్చింది.

"మీటింగుల్లో మూయని నోరు, పుల్లకు మూసుకుపాయె చూడండప్పా," అన్నాడు తొగట నేతగాడు వెంకటరమణయ్య. ఇరవై రోజుల్లో ఆ వీధి నవ్వడం అదే మొదలు.

నవ్వు ఆగేలోపల షాహీదాబీ నోరు తెరిచింది. పుల్ల తీసేదాకా మున్వర్ ముఖంలోకే చూసింది. మర్నాడు పొద్దున్నే ఒక రేకు పెట్టె పట్టుకుని పులివెందులలో ఉన్న తమ్ముడి కొడుకు దగ్గరికి బస్సెక్కి పోయింది. ఎవరూ ఆపలేదు. మున్వర్ ఆ రోజే మగ్గాల షెడ్డులో అందరికీ చెప్పాడు: "ఆ గాలి పోయింది. ఇంక భయం లేదు. పిల్లోల్లను ఇండ్లల్లో మూసిపెట్టొద్దు, నూలు కండెలు చుట్టేకి పంపండి."

పంపారు.

మగ్గాల వీధిలో చేనేత సంఘం పుట్టి అప్పటికి ఏడాదిన్నర. ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్త. అంతకుముందు నూలు సావుకారుది, నాడె సావుకారుది, నేసిన చీర సావుకారుది. నేతగాడిది నడుము నొప్పి ఒక్కటే. మున్వర్ నాలుగో తరగతితో బడి మానినవాడు. పొట్లం కట్టిన కాగితం కూడా విప్పి చదివేవాడు. మూడేళ్ళు వీధివీధీ అరిచి, రెండుసార్లు సావుకారు మనుషుల చేతుల్లో దెబ్బలు తిని, తొగటవాళ్ళనూ ముస్లిం నేతగాళ్ళనూ ఒకే షెడ్డు కిందికి తెచ్చాడు. షెడ్డు మధ్యలో ఒక పెద్ద వెదురు బుట్ట. అందులో అందరి నాడెలూ.

ఆ బుట్ట దగ్గరే అసలు కొట్లాట నడిచింది. పడుగులో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో కొత్త నూలు కండె పెట్టినప్పుడల్లా నూలు కొసను నాడె పక్కనున్న సన్న కన్నంలోంచి బయటికి తీయాలి. దానికి నేతగాడు సూదీ పుల్లా వెతకడు. కన్నానికి నోరు ఆనించి ఒక్క పీల్పు పీలుస్తాడు, కొస నాలుక మీదికి వస్తుంది. రోజుకు ఎన్ని పదులసార్లో. అందుకని ఎవడి నాడె వాడిదే. ఇంకొకడి నాడె పట్టుకోవడమంటే వాడి ఎంగిలి నాకడమే. ముస్లిం నోరు పెట్టిన నాడెను తొగటాయన కాలితో కూడా తాకడు.

మున్వర్ సరిగ్గా అక్కడే కొట్టాడు. సంఘంలో చేరేవాడు బుట్టలో చేతికొచ్చిన నాడె తీసి అందరి ముందర పీల్చాలి. అదే సంతకం. "ఏలిముద్ర ఎవుడైనా వేస్తాడు. ఎంగిలి తిన్నోడే మనోడు," అనేవాడు. మొదట పీల్చినవాడు వెంకటరమణయ్య. మున్వర్ నోట్లోంచి తీసిన నాడెను తన నోట్లో పెట్టుకుని, కొస లాగి, "ఉప్పగా కూడా లేదప్పా!" అన్నాడు. ఆ రోజు షెడ్డులో మగవాళ్ళు ఏడ్చారు. వెంకటరమణయ్య తల్లి మూడు పూటలు అన్నం ముట్టలేదు. నాలుగో పూట ముట్టింది.

అప్పటినుంచి పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి, బుట్టెడు నాడెలకూ కండెలు పెట్టి, పీల్చి, మగ్గం మగ్గానికీ పంచడం మున్వర్ పని. ఎవరూ చెప్పలేదు, తనే తీసుకున్నాడు. అది అతనికి నమాజు లాంటిది. పిల్లలు కండెలు చుట్టి తెచ్చి, వాళ్ళూ పీల్చేవాళ్ళు. ఎవరి కొస ముందొస్తుందో అని పందేలు.

కంఠసర్పి మొదలయ్యాక ఆసుపత్రివాళ్ళు పంచిన కరపత్రాన్ని వీధిలో నిలబడి చదివి వినిపించింది కూడా మున్వరే. "ఈ వ్యాధి రోగి శ్వాసవలనను, ఎంగిలివలనను వ్యాపించును" అని ఉంది. శ్వాస అన్న మాట గట్టిగా చదివాడు. ఎంగిలి దగ్గరికి వచ్చేసరికి నాలుక దానంతటదే దాటేసింది. ఆ మాటతో మూడేళ్ళు కొట్లాడినవాడు. ఈ కాగితం రాసినవాడెవడో మడికట్టుకున్న మనిషి అయ్యుంటాడు అనుకున్నాడు, అంతే. శ్వాస మిగిలింది. ఊదే ముసలామె దొరికింది.

నాలుగో రోజు ఫలితాలు తెచ్చుకోవడానికి మున్వర్ జమ్మలమడుగు పోయాడు. ల్యాబు ఆసుపత్రి వెనక ఒక ఇరుకు గది. ఫినాయిలు వాసన.

"పదిమందిని అడిగితే ఎనిమిదిమంది నోరు తెరిచినారు," అన్నాడు నాగేశ్వరయ్య. "ఆ ముసలమ్మ గొంతు కడిగిన గలాసు మాదిరి ఉండాది. ఏమీ లేదు."

"లేకపోవడమేంది? మళ్ళీ చూడు."

"రెండుసార్లు చూసినా. కూచో."

"నిలబడే ఇంటా. ఎవురిది?"

"నీది."

మున్వర్ నవ్వాడు. "నాకు దగ్గు కూడా లేదప్పా. ఎద్దు మాదిరి ఉండా."

"ఎద్దు మాదిరి ఉండావు కాబట్టే దొరకలేదు." నాగేశ్వరయ్య సూక్ష్మదర్శిని ముందు నుంచి జరిగాడు. "చూడు, ఒక కన్ను మూసుకోని."

విరిచి పారబోసిన అగ్గిపుల్లల్లాగా నీలంగా ఏవో కనిపించాయి. కదలడం లేదు. ఇవా? ఇంత చిన్నవా? మున్వర్ తల పక్కకు తీసి, మళ్ళీ పెట్టి చూశాడు. అవే.

"మరి నన్నెందుకు చంపలేదు?"

"నీకు చిన్నప్పుడెప్పుడో తగిలి పోయింటాది. నీ రక్తంలో విరుగుడుండాది. ఈ మధ్య యాడనో మళ్ళీ తగులుకున్యావు. అవి విషం చేస్తానే ఉంటాయి, నీకెక్కదు. నీ బిడ్డలిద్దరికీ నీ నుంచే రోంత రోంత తగిలి ఒళ్ళు గట్టిపడింటాది. నీ ఇంట్లో ఒక్కరూ దగ్గలేదు, నువ్వు చూసుకోలేదా?"

చూసుకున్నాడు. ఊరికోసం తిరిగేవాడి ఇంటిని అల్లా చూసుకుంటాడని భార్య మైమూన్ అంటే కసిరాడు కూడా. కసిరాడే కానీ లోపల సంతోషించాడు.

"ఆ విషం ఆ క్రిమిని చంపదా?" అని అడిగాడు. ఏదో ఒకటి అడగకపోతే నిలబడలేనట్టుంది.

నాగేశ్వరయ్యకు ఇట్లాంటి ప్రశ్న అడిగేవాళ్ళు జమ్మలమడుగులో ఎవరూ లేరు. "మద్రాసులో ట్రైనింగుకు పోయినప్పుడు మా సారు చెప్పినాడు, కొత్త సంగతి. ఈ క్రిమి వట్టిదైతే విషం చేయదంట. దీని లోపలికి ఇంకా చిన్నది ఒకటి దూరాల. క్రిమికే పట్టే క్రిమి. అది దూరిందే విషం చేస్తాది. దూరి కిమ్మనకుండా పడుకోనుంటాది. ఎప్పుడో లేస్తాది. లేస్తే ఆ క్రిమి లోపల్నుంచి పటుక్కున పగిలి చస్తాది."

"పక్కనుండేవి?"

"లోపల అది ముందే చేరిండే వాటికి ఏం కాదు. బయట్నుంచి మళ్ళీ అట్లాంటిదే వచ్చి మీద పడినా వాటినేం చేయలేదు. అది లేని వట్టి క్రిములు మాత్రం పగిలిపోతాయి. శానా విషం చేసేదే ముందు పగులుతాదేమోనని మా సారు అనుమానం. ఇంకా తేలలేదు."

"అంటే తనోళ్ళ కోసం తాను చస్తాది."

"కోసమేందప్పా? క్రిమికి కోసం యాడుంటాది? ఇది నీ మీటింగు కాదు. పగులుతాది, అంతే." నాగేశ్వరయ్య గొంతు తగ్గించాడు. "అదట్లుండనీ. నీ గొంతులోది ఆ పిల్లోల్ల దాకా ఎట్లా పోయింటాది? నువ్వేమన్నా ఊదుతావా?"

మున్వర్ నాలుక కొన మీద నూలు కొస తగిలినట్టయింది.

"ఇంకొక మాట," అన్నాడు నాగేశ్వరయ్య. "ఈ పుల్లలన్నీ విషపువే కావు. వట్టివి కూడా ఇట్లనే కనపడతాయి. తేల్చేది ఇదిగో." మూలన చెక్క పెట్టెలో రెండు గినీపిగ్గులు ఆకు నములుతున్నాయి. "రెండిటికీ నీ క్రిమినే సూది వేసినా. తెల్లదానికి ముందే సీరం ఇచ్చినా, నల్లదానికి ఇవ్వలేదు. మూడు దినాలు చూడాల. నల్లది చస్తే నీది విషపు క్రిమి. అప్పుడు మునిసిపాలిటీకి కాగితం రాస్తా. అంతలోపల నువ్వు పెన్సిలిన్ సూదులేయించుకో. పిల్లోల్ల దగ్గరికి పోవద్దు. ఇంకా తేలలేదని ఊరకుండొద్దు, పోయి మీ వీధిలో చెప్పు. ఎవురి గొంతు నొచ్చినా ఆ దినమే బస్సెక్కమను. నీ నోటితో నువ్వే చెప్తే మర్యాదగా ఉంటాది."

"చెప్తా," అన్నాడు మున్వర్.

ప్రొద్దుటూరు బస్‌స్టాండులో దిగేసరికి సావుకారు గుమాస్తా సోడా తాగుతూ ఎదురుపడ్డాడు. "ఏం సెక్రెటరీ, ఎంగిలి సంఘం ఎట్లుండాది?" అన్నాడు. ఊరంతా ఆ పేరు పెట్టింది వాడే. వేరే రోజైతే మున్వర్ వాడి సోడా బుడ్డి వాడికే తాగించేవాడు. ఈ రోజు తల దించుకుని దాటిపోయాడు.

నడుస్తూ లెక్క వేసుకున్నాడు. ఇప్పుడు చెప్తే సాయంత్రానికి ఇదే గుమాస్తా అంగడి అంగడికీ తిరిగి చెప్తాడు. ఎంగిలి వద్దని పెద్దలు ఊరకే చెప్పారా? తురకోడి నోట్లోది నాకితే ఏమైందో చూసినారా? అంటాడు. తాతల నాటి అబద్ధం ఒక గాజుపలక మీద నిజమైపోతుంది. బుట్ట రెండు బుట్టలవుతుంది. రెండు పదులవుతుంది. మళ్ళీ సావుకారు నూలు, సావుకారు నాడె. మున్వర్ పిరికివాడు కాదు. తల పగిలినా మాట మార్చలేదు ఎప్పుడూ. కానీ ఈ మాటకు నోరు రాలేదు. ఇంకా తేలలేదు కదా, నల్లది బతకొచ్చు కదా అనుకున్నాడు. మూడు రోజులేగా!

పెన్సిలిన్ సూది మాత్రం ఆ సాయంత్రమే వేయించుకున్నాడు.

మర్నాడు పన్ను నొప్పి అని చెప్పి నాడెలు ముట్టలేదు. ఆ పని వెంకటరమణయ్య చేశాడు. ఎవరూ వింతగా అనుకోలేదు. ఇప్పుడు ఆ షెడ్డులో ఎవరి నాడెనైనా ఎవరైనా పీలుస్తారు. మున్వర్ నేర్పించింది అదే.

వెంకటరమణయ్య కొడుకు ఓబులేసు, ఐదేళ్ళవాడు, మగ్గం గుంట అంచున కూర్చుని నాడె నోట్లో పెట్టుకుని ఉన్నాడు. మున్వర్ చేయి చాపి లాక్కున్నాడు.

"ఎందుకు మామా?" అన్నాడు వాడు.

"దుమ్ము. నోట్లో పెట్టుకోవద్దు."

"నువ్వు పెట్టుకుంటావు గదా."

వాడి తల్లి పెంచలమ్మ పక్కనే రాట్నం తిప్పుతోంది. "కసరొద్దులేన్నా, వానికి నిన్నట్నుంచి గొంతు నొప్పి. చల్లనీళ్ళు తాగొద్దంటే ఇన్యాడా? ఆ ముసలమ్మ ఉంటే భయపడిందును. ఇప్పుడేం భయం లేదంటివి గదా?"

రాట్నం తిరుగుతూనే ఉంది. ఆమె చేయి కూడా ఆగలేదు. మున్వర్‌కు చెప్పడానికి ఒక్క మాటే ఉంది, బస్సెక్కు అని. ఎందుకు అని అడుగుతుంది. అక్కడినుంచి దారం లాగినట్టు అంతా బయటికొస్తుంది.

"భయం లేదులేమ్మా," అన్నాడు.

మూడో రోజు పొద్దున్నే మొదటి బస్సుకు జమ్మలమడుగు పోయాడు. చెక్క పెట్టెలో నల్లది కాళ్ళు చాపి బిర్రబిగుసుకుని ఉంది. తెల్లది దాని పక్కనే, దాని ఒంటికి ఆనుకునే, ఆకు నములుతోంది.

"చెప్పినావా?" అన్నాడు నాగేశ్వరయ్య.

మున్వర్ పెట్టెనే చూస్తున్నాడు.

"మున్వర్, నిన్నే అడుగుతాండా. వీధిలో చెప్పినావా లేదా?"

అప్పటికే మున్వర్ వాకిలి దాటి పరుగెత్తుతున్నాడు.

వెంకటరమణయ్య ఇంటి ముందు ఆడవాళ్ళు గుమిగూడి ఉన్నారు. లోపల పిల్లవాడు తండ్రి భుజాన వేలాడుతున్నాడు. మెడ ఉబ్బింది. ఊపిరి తీసినప్పుడల్లా రంపం కోసినట్టు చప్పుడు.

"బస్సుకు పద. జమ్మలమడుగు," అన్నాడు మున్వర్ గుమ్మంలోనే నిలబడి.

"గొంతుకలో ఏదో ఇరుక్కున్యట్టుంది. నాటువైద్యం ఆచారి వస్తాండాడు," అన్నాడు వెంకటరమణయ్య.

"ఇరుక్కోలేదు. అదే. కంఠసర్పి."

"ముసలమ్మ పోయి వారమాయె. యాడ్నుంచొస్తాది?"

"ఆమెది కాదు." మున్వర్ బయటి ఆడవాళ్ళకు వినపడకుండా గొంతు తగ్గించాడు. "నాది. నా గొంతులో ఉంది. నాడెల్లో ఎక్కి పోయింది. మూడు దినాలైంది నాకు తెలిసి."

వెంకటరమణయ్యకు సగమే ఎక్కింది. పెంచలమ్మకు మొత్తం ఎక్కింది. ఆమె అరవలేదు. కొడుకును మొగుడి భుజం మీదినుంచి లాక్కుని, చెప్పులు కూడా వేసుకోకుండా, బస్‌స్టాండు వైపు నడిచింది. నడక కాదది. వెనకాల వెంకటరమణయ్య, ఇరవై అడుగుల వెనక మున్వర్.

బస్సులో మున్వర్ కడపటి సీట్లో కూర్చుని కండువా ముక్కుకూ నోటికీ కట్టుకున్నాడు. ముందు సీట్లోంచి ఆ రంపం చప్పుడు జమ్మలమడుగు దాకా వినబడింది. దారిలో వెంకటరమణయ్య ఒక్కసారే వెనక్కి తిరిగాడు. ఏదో అడగబోయి, ఆ ముఖం చూసి, మళ్ళీ ముందుకు తిరిగాడు.

సీరం ఇచ్చారు. గొంతుకు కన్నం పెట్టారు. రెండో రోజుకు పొర కరిగింది. వాడు గంజి తాగాడు. కన్నానికి వేలు అడ్డం పెడితే నవ్వాడు కూడా. పెంచలమ్మ ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని మొదటిసారి అన్నం తింది. ఆరో రోజు పొద్దున ఓబులేసు నీళ్ళు కావాలని లేచి కూర్చున్నాడు. కూర్చున్నవాడు అట్లనే పక్కకు ఒరిగిపోయాడు. విషం గుండెలోకి ముందే దిగిపోయింది, సీరం రక్తంలో ఉండే విషాన్నే పడుతుంది, గుండెలో నాటుకున్నదాన్ని వెనక్కి లాగలేదు అన్నాడు డాక్టరు. రెండు రోజులు ముందొచ్చి ఉంటే అన్నాడు. మిగతాది అనలేదు.

వెంకటరమణయ్య వీధిలో ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఎవరికీ తెలియదు. పెంచలమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. మునిసిపాలిటీకి కాగితం వచ్చింది, దాంట్లో నంబరు తప్ప పేరు లేదు. వీధి ఇంకా షాహీదాబీనే తిడుతోంది. పోతూ పోతూ ఉసురు పెట్టిపోయిందని. మున్వర్ నోరు మూసుకుంటే ఇప్పటికీ గడిచిపోతుంది. అది అతనికి తెలుసు. నాలుగు రోజులు మూసుకున్నాడు కూడా.

ఐదో రోజు పులివెందుల పోయాడు.

షాహీదాబీ తమ్ముడి కొడుకు ఇంటి వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. మున్వర్‌ను చూసి లేవలేదు. అతను మొత్తం చెప్పాడు. దూరంగా, ఎండలో నిలబడే చెప్పాడు. ఆమె చేతులు ఆగలేదు.

"వెంకటరమణ కొడుకు ఏ దినం పోయినాడు?" అంది చివరికి.

"పోయిన బేస్తవారం."

"వాడు పుట్టినప్పుడు ఏడవలేదు. నేనే ఊది ఏడిపించినా." గింజ ఒకటి తీసి పక్కన వేసింది. "నువ్వు ఈడికెందుకు వచ్చినావు?"

"మాఫీ అడిగేకి. ఇంటికి రా ఖాలా."

"రాను. మాఫీ కూడా ఈడ లేదు. నన్ను నలుగుర్లో నిలబెట్టి అంటివి. ఈడ ఎవురుండారు? నేనూ, ఈ చింతపండు. పోయి నలుగుర్లో చెప్పు."

"చెప్తే సంఘం పోతాది ఖాలా."

ఆమె మొదటిసారి తలెత్తి చూసింది. "నేను ముగ్గురిని తిన్యానంటివి గదా. అప్పుడు నాకేం పోతాదని అడిగినావా?"

శుక్రవారం నమాజుకు ముందు, పొద్దున తొమ్మిదికి, మున్వర్ షెడ్డులో అందరినీ కూడబెట్టాడు. నోటికి గుడ్డ కట్టుకునే నిలబడ్డాడు. పెన్సిలిన్ సూదులు పూర్తయ్యాయి, గొంతు శుభ్రమైందని నాగేశ్వరయ్య కాగితం ఇచ్చాడు. అయినా గుడ్డ తీయలేదు. ఎప్పుడూ మాట్లాడినట్టు మాట్లాడలేదు. క్రిమి తన గొంతులోదని, నాడెల్లో పోయిందని, షాహీదాబీ గొంతులో ఏమీ లేదని, తనకు తెలిశాక మూడు రోజులు దాచానని, ఓబులేసు గొంతు నొప్పి విని కూడా భయం లేదన్నానని వరసగా చెప్పాడు.

ఒక్కసారిగా షెడ్డు పగిలింది.

"ఎంగిలి వద్దు వద్దని మా నాయన మొత్తుకున్యాడు!" అని అరిచాడు ఒక తొగటాయన. బుట్ట మీద పడి తన నాడె ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టాడు. "మాది మాకియ్యండి. రెండు బుట్టలు పెట్టండి!"

"అందరి నోళ్ళూ నోళ్ళేనంటివే! నా కూతురును యాడనుంచి తెస్తావురా?" అన్నాడు లాల్ బాషా. చనిపోయిన మొదటి బిడ్డ అతనిదే. చెప్పు తీసి విసిరాడు. అది మున్వర్ చెవికి తగిలి పడింది. మున్వర్ కదలలేదు.

"క్రిమి కులం చూసి రాలేదు," అన్నాడు. "నాది కాకపోయి ఇంకొకడిదైనా ఇంతే. ఎవుడి బుట్ట వాడి ఇంట్లో పెట్టుకున్నా ఇంతే, వాడి పిల్లలే చస్తారు. నాడెకు నోరు పెట్టేదే తప్పు." జేబులోంచి సైకిలు చక్రం పుల్ల వంచి చేసిన చిన్న కొక్కెం తీశాడు. "దీంతో లాగితే కొస వస్తాది. ఎవురి నోరూ అక్కరలేదు. ఇది ఉండింటే ముగ్గురూ ఉండేవాళ్ళు. ఓబులేసు సంగతి వేరే. వాన్ని నాడె చంపలేదు. నా మూడు దినాలు చంపినాయి."

బుట్ట దగ్గర తోపులాట పెరిగింది. ఎవరి నాడె ఏదో ఎవరికీ తెలియడం లేదు. ఏడాదిన్నరగా కలిసిపోయినవి. నాది నాది అని రెండు చేతులు ఒకే నాడెను లాగుతున్నాయి. అప్పుడు వెంకటరమణయ్య లేచి, వాళ్ళ మధ్య నుంచి పోయి, బుట్ట మీద రెండు చేతులూ పెట్టాడు. కొడుకు పోయిన నాటినుంచి ఆ మనిషి గొంతు ఎవరూ వినలేదు.

"బుట్ట ఒకటే ఉంటాది," అన్నాడు. "రెండు చేస్తే నా కొడుకు సావుకారు కోసం సచ్చినట్టు. కొక్కేలు చేయించండి, మగ్గానికొకటి." ఊపిరి పీల్చుకున్నాడు. "వీడు మాత్రం ఉండకూడదు. ఈ షెడ్డులోనూ, ఈ వీధిలోనూ. నాకు ఎదురుపడకూడదు. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి."

ఎవరూ ఎత్తలేదు. తిట్టినవాళ్ళు కూడా ఎత్తలేదు. చెప్పు విసిరిన లాల్ బాషా నేల చూపులు చూశాడు. ఈ కప్పు వేసినవాడు, ఈ వాసాలు మోసినవాడు ముందర నిలబడి ఉన్నాడు. తిట్టడం వేరు, చేయెత్తడం వేరు.

మున్వర్ ఎత్తాడు. కొక్కెం ఉన్న చేయే ఎత్తాడు.

అప్పుడు పక్క మగ్గం మీద ఒక చేయి లేచింది. దాని వెనక ఇంకొకటి. తొగటవాళ్ళవీ, ముస్లింలవీ. వాకిట్లో నిలబడి ఉన్న పెంచలమ్మ సంఘంలో మెంబరు కాదు, ఆడవాళ్ళకు ఓటు లేదు. ఆమె కూడా ఎత్తింది. ఎవరూ వద్దనలేదు.

చేతులు లెక్కపెట్టడం సెక్రెటరీ పని. మున్వర్ వేలు చూపిస్తూ, ఒక వరస అయ్యాక ఇంకొక వరస, వాకిలి దాకా లెక్కపెట్టాడు.